గరాటులన్నీ ఒకటి కావు

సన్న మూతి సీసాలోకి ద్రవం పోయడానికి వాడే పనిముట్టు గరాటు. ఉరుముల మేఘం అడుగు నుంచి వేలాడే తోకను వాతావరణ శాస్త్రవేత్తలు గరాటు మేఘం అంటారు. పొడి ఇసుకలో ఓ పురుగు చీమల కోసం తవ్వే గుంటదీ అదే ఆకారం. ఆస్ట్రేలియాలో ఒక విషపు సాలీడు పేరులోనే ఫన్నెల్ ఉంది, అంటే ఇంగ్లిషులో గరాటు. ఇక అమ్మకాల మీటింగులో ఫన్నెల్, ఉద్యోగాల భర్తీలో ఫన్నెల్, వైద్య పరిశోధనల్లో ఫన్నెల్ ప్లాట్.

ఇన్నిచోట్ల ఒకే ఆకారం కనిపించేసరికి లోపల జరిగేది కూడా ఒకటే అనిపిస్తుంది. పైన వెడల్పు, కింద ఇరుకు, కాబట్టి ఏదో ఒత్తుకుని వేగం పుంజుకుంటోందని. చాలాచోట్ల అది నిజం కాదు. సీసా మీది గరాటు తన ఆకారంతో పని చేస్తుంది. టోర్నడో గరాటు మాత్రం గాలి తిరగడం వల్ల ఏర్పడిన రూపం. అది పోయినా గాలి తిరుగుతూనే ఉండొచ్చు. అమ్మకాల ఫన్నెల్ అయితే లెక్కల పట్టికకు గీసిన బొమ్మ. అంటే కొన్ని గరాటులు కారణాలు, కొన్ని ఫలితాలు, కొన్ని బొమ్మలు. ఒకదాని గుణాన్ని ఇంకోదానికి అంటగడితే లెక్క తప్పుతుంది. టోర్నడో విషయంలో ఆ తప్పు ప్రాణాల మీదికి వస్తుంది.

## పనిముట్టు గరాటు చేసేదీ, చెయ్యనిదీ

గరాటుకు రెండు భాగాలు: పైన శంకువు, కింద గొట్టం. రెండు సెంటీమీటర్ల సీసా మూతిలోకి సూటిగా ధార పట్టడం కష్టం, పది సెంటీమీటర్ల మూతిలోకి తేలిక. శంకువు ఇచ్చే వెసులుబాటు అదే. ఎక్కడ పడినా చివరికి ఒకేచోటికి చేరుస్తుంది.

వేగం సంగతేమిటి? మూతి వ్యాసం 10 సెంటీమీటర్లు, గొట్టం వ్యాసం 1 సెంటీమీటరు అనుకుందాం. వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి మూతి గొట్టం కన్నా 100 రెట్లు పెద్దది. పైన నీటిమట్టం సెకనుకు 1 సెంటీమీటరు చొప్పున దిగుతుంటే, గొట్టంలో నీరు సెకనుకు 100 సెంటీమీటర్లు పరుగెత్తాల్సిందే. నీరు నొక్కితే కుంచించుకుపోదు, మధ్యలో మాయమవదు, కాబట్టి ఇంకో దారి లేదు. అయితే పెరిగింది వేగమే. సెకనుకు దాటే నీటి పరిమాణం పైనా కిందా ఒకటే.

మరి ఆ పరిమాణాన్ని నిర్ణయించేది ఏది? 1644లో ఇటలీ శాస్త్రవేత్త టారిసెల్లి చెప్పిన సూత్రం ప్రకారం, రంధ్రం నుంచి బయటపడే నీటి వేగం పైనున్న నీటి ఎత్తును బట్టి ఉంటుంది. గొట్టం చివరి నుంచి నీటిమట్టం దాకా 10 సెంటీమీటర్లు ఉంటే వేగం సెకనుకు దాదాపు 1.4 మీటర్లు. ఒక సెంటీమీటరు వ్యాసం ఉన్న గొట్టంలోంచి ఆ వేగంతో సెకనుకు 110 మిల్లీలీటర్లు దిగుతాయి. మట్టం తగ్గకుండా పోస్తూ ఉంటే లీటరుకు 9 సెకన్లు. రాపిడి వల్ల నిజంగా ఇంకాస్త ఎక్కువే పడుతుంది. ఇప్పుడు గొట్టాన్ని మరో 10 సెంటీమీటర్లు పొడిగించి, అది నిండుగా పారేలా చూస్తే వేగం 2 మీటర్లకు దగ్గరవుతుంది. గొట్టం పొడుగు పెంచితే వడి పెరిగిందన్నమాట. ప్రయోగశాల గరాటులకు పొడవాటి కాడ ఉండటానికి ఇదొక కారణం: కాడలో నిలిచిన నీటి స్తంభం పైనున్న ద్రవాన్ని కిందికి లాగుతుంది.

ఈ లెక్కలో మూతి వెడల్పు ఎక్కడా లేదని గమనించండి. మూతిని రెట్టింపు చేసినా, మూడింతలు చేసినా ధార మారదు. ఇది తర్వాత పనికొస్తుంది.

ఇంకో అపోహ పీడనం గురించి. ఇరుకులో ఒత్తుకున్న నీటికి పీడనం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది తిరగేసి ఉంటుంది. నీరు ఇరుకులోకి వేగం పుంజుకుంటూ వెళ్లాలంటే వెనక పీడనం ఎక్కువ, ముందు తక్కువ ఉండాలి. లేకపోతే దాన్ని ముందుకు తోసేదెవరు? వేగం పెరిగినచోట పీడనం తగ్గుతుందని డేనియల్ బెర్నూలీ 1738లో చెప్పింది ఇదే.

గరాటు సీసా మూతికి గట్టిగా అతుక్కుంటే ధార ఆగిపోవడం అందరూ చూసి ఉంటారు. లోపలున్న గాలి బయటికి పోయే దారి లేక నీటిని అడ్డుకుంటుంది. కాస్త ఎత్తి పట్టుకుంటే బుడబుడమంటూ దిగుతుంది. కొన్ని గరాటుల కాడ మీద నిలువు గట్లు ఉండేది ఆ గాలికి సందు వదలడానికే.

ప్రయోగశాల గరాటు కోణం 60 డిగ్రీలు ఉండటం వెనక చిన్న జ్యామితి ఉంది. గుండ్రటి వడపోత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఒకవైపు మూడు పొరలు, ఇంకోవైపు ఒక పొర ఉండేలా విప్పితే శంకువు వస్తుంది. దాని మూతి చుట్టుకొలత కాగితం చుట్టుకొలతలో సగం, అంటే మూతి వ్యాసార్ధం కాగితం వ్యాసార్ధంలో సగం. అలాంటి శంకువు కొన దగ్గరి కోణం సరిగ్గా 60 డిగ్రీలు. కాగితం మడతే గరాటు కోణాన్ని తేల్చింది. కాగితాన్ని చదునుగా పరిచి కింది నుంచి గాలి లాగే పద్ధతిని ఎర్నెస్ట్ బుక్నర్ 1888లో వివరించాక, ఆయన పేరుతో నడిచే గరాటులో శంకువు భాగం దాదాపు నామమాత్రమైంది.

## నీళ్లకు ఒక లెక్క, గింజలకు ఇంకోటి

అదే గరాటులో నీళ్లకు బదులు ఇసుక పోస్తే టారిసెల్లి సూత్రం పనిచెయ్యదు. ఇసుక ఎంత ఎత్తు ఉన్నా కింద పడే వేగం దాదాపు మారదు. గింజలు ఒకదాన్నొకటి ఆనుకుని, బరువులో పెద్ద భాగాన్ని గోడల మీదికి నెట్టేస్తాయి. ధాన్యం నిల్వ చేసే గోపురాల మీద ఈ విషయాన్ని జర్మన్ ఇంజినీరు జాన్సెన్ 1895లో లెక్కగట్టాడు. ఇసుక గడియారం నమ్మకంగా పనిచెయ్యడానికి కారణం ఇదే: పై గదిలో ఇసుక తగ్గుతున్నకొద్దీ ధార మందగించదు. నీటి గడియారంలో మందగిస్తుంది, దానికి సవరణ కావాలి.

గింజల ధార రంధ్రం సైజును బట్టి ఎలా మారుతుందో 1961లో బెవర్లూ, ఆయన సహచరులు సూత్రీకరించారు. రంధ్రం వ్యాసాన్ని రెట్టింపు చేస్తే నీటి ధార 4 రెట్లవుతుంది. సన్నటి ఇసుక ధార 5.6 రెట్లకు పైగా పెరుగుతుంది. ఇందులో ఇంకో మెలిక: గింజ వ్యాసానికి ఐదారు రెట్ల కన్నా రంధ్రం చిన్నదైతే ధార ఎప్పుడో ఒకప్పుడు ఆగిపోతుంది. రంధ్రం మీద గింజలు ఒకదాన్నొకటి తన్నిపెట్టి కమాను కడతాయి, పైబరువు ఆ కమానును ఇంకా బిగిస్తుంది. నీళ్లలో ఇలాంటిది జరగదు.

ధాన్యం, సిమెంటు, బొగ్గు నిల్వ చేసే సైలోల రంగంలో ‘ఫన్నెల్ ఫ్లో’ అంటే పొగడ్త కాదు, తిట్టు. గోడలు తగినంత నిటారుగా, నున్నగా లేకపోతే సరుకు మధ్యలోంచి మాత్రమే దిగుతుంది. అంచుల్లో ఉన్నది నెలల తరబడి కదలదు, పాడవుతుంది. చివర పోసింది ముందు బయటికొస్తుంది. మొత్తం సరుకు ఒక్కసారిగా కదిలేలా వాలు ఎంత ఉండాలో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ఆండ్రూ జెనికె 1960ల్లో లెక్కలు తేల్చాడు. అంటే, లోపల గరాటు ఏర్పడకుండా చూడటమే మంచి గరాటు లక్షణం!

మనుషులు ఇరుకు ద్వారంలోంచి బయటపడేటప్పుడు నీళ్లలా నడుస్తారా, గింజల్లానా? హెల్బింగ్, ఫార్కాస్, విచెక్ అనే పరిశోధకులు 2000లో ప్రచురించిన కంప్యూటర్ నమూనాలో గింజల పోలికే బలంగా కనిపించింది. అందరూ తొందరపడి తోసుకుంటే ద్వారం దగ్గర కమానులు కట్టి, మొత్తం జనం బయటపడటానికి ఎక్కువ సమయం పట్టింది. తర్వాత గింజల మీదా, గొర్రెల మందల మీదా చేసిన ప్రయోగాలు దీన్ని బలపరిచాయి. మనుషులతో చేసినప్పుడు మాత్రం ఫలితాలు ఒకేలా రాలేదు. నిజంగా తోసుకోనిస్తే మందగించడం కనిపించింది. త్వరగా నడవమని మాత్రమే చెబితే చాలాసార్లు త్వరగానే బయటపడ్డారు. ద్వారానికి కాస్త ముందు ఒక స్తంభం నిలబెడితే ఒత్తిడి చీలి దారి సాఫీ అవుతుందన్న ఆలోచనదీ అదే పరిస్థితి: గింజల్లో, గొర్రెల్లో పనిచేసింది, మనుషుల విషయంలో తేలలేదు. పైగా మనిషి గింజలా కాదు, వెనక్కి తిరగగలడు, ఇంకో ద్వారం వెతుక్కోగలడు.

## పక్కదారి ఉంటే ఏమవుతుంది

ఇంతవరకూ చూసిన గరాటులకు గట్టి గోడలున్నాయి. గోడలు లేనప్పుడు, లేదా ఒకవైపు తెరిచి ఉన్నప్పుడు, ఇరుకు అన్నది ఆజ్ఞ కాదు, సలహా మాత్రమే.

రెండు ఎత్తయిన భవనాలు గరాటులా దగ్గరపడేచోట గాలి తప్పకుండా ఒత్తుకుని వేగంగా వీస్తుందని తరచూ అంటుంటారు. నిజంగానే కొన్నిచోట్ల గాలి జోరుగా ఉంటుంది. కానీ దానికి నీటి గొట్టం పోలిక సరిపోదు. గాలికి పైన ఆకాశమంతా ఖాళీ. ముందు అడ్డు తగిలితే భవనాల మీదుగా, పక్కలనుంచి తప్పుకునిపోతుంది. దగ్గరపడే భవనాల మీద 2008లో వెలువడిన ఒక అధ్యయనం సందులోంచి వెళ్లే గాలి పరిమాణం పెరగడానికి బదులు తగ్గవచ్చని చూపింది. వీధి మూలల్లో మనల్ని తోసే గాలి చాలావరకు భవనం ముఖాన్ని కొట్టుకుని కిందికి జారి, అంచుల చుట్టూ తిరిగే గాలి.

సముద్రపు అలకు ఇంత స్వేచ్ఛ లేదు, పక్కల తీరం ఉంటుంది. గరాటు ఆకారపు అఖాతంలోకి పొడవాటి అల వస్తే ఎంత ఎత్తు లేస్తుంది? వెడల్పు నాలుగో వంతుకు తగ్గితే ఎత్తు నాలుగు రెట్లవుతుందని మనసుకు తోచే జవాబు. 19వ శతాబ్దంలో జార్జ్ గ్రీన్ కనుక్కున్న నియమం ప్రకారం రెండు రెట్లే. అల శక్తి దాని ఎత్తు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, నాలుగు రెట్ల శక్తిని ఇముడ్చుకోవడానికి రెండు రెట్ల ఎత్తు చాలు. లోతు ప్రభావం ఇంకా నెమ్మది: లోతు 64 మీటర్ల నుంచి 4 మీటర్లకు, అంటే పదహారో వంతుకు పడిపోతే అప్పుడు మరో రెండు రెట్లు. రెండూ కలిస్తే నాలుగు రెట్లు. అదీ మార్పు నెమ్మదిగా జరిగి, రాపిడిని లెక్కలోకి తీసుకోకపోతేనే.

కెనడా తీరంలోని ఫండీ అఖాతంలో ఆటుపోట్ల తేడా 16 మీటర్ల దాకా ఉంటుంది, ప్రపంచంలోనే అతి ఎక్కువల్లో ఒకటి. గరాటు ఆకారం వల్లే అని చెప్పేస్తుంటారు. ఆకారం సాయం ఉంది, కానీ అసలు బలం వేరేచోట ఉంది. ఆ అఖాతం, దాని బయటి సముద్రం కలిపి ఒక ఊయల అనుకుంటే, దాని సహజమైన ఊపు సుమారు 13 గంటలు. పోటు 12 గంటల 25 నిమిషాలకోసారి వస్తుంది. ఊపుకు దాదాపు తాళం కలిసినట్టు ప్రతి పోటూ ముందుదానికి తోడవుతుంది. ఇదే గరాటు ఆకారంలో వేరే పొడవు, వేరే లోతు ఉన్న అఖాతంలో అంత పోటు రాదు.

బంగాళాఖాతం ఉత్తర కొస కూడా గరాటే. 1970 నవంబరులో అక్కడ తీరం దాటిన తుఫానులో మూడు లక్షలకు పైగా జనం చనిపోయారని అంచనా. ఎక్కువమందిని బలిగొన్నది ఉప్పెన. రెండు తీరాలు దగ్గరపడటం నీటికి పక్కదారి లేకుండా చేస్తుంది. కానీ అంతకన్నా పెద్ద పాత్ర లోతుది. గాలి తోసే నీరు ఎంత ఎత్తు లేస్తుందనేది లోతుకు విలోమంగా ఉంటుంది: లోతు సగమైతే ఎత్తు రెట్టింపు. అక్కడ తీరానికి ఆనుకుని చాలా దూరం సముద్రం లోతు తక్కువ, నేలా పల్లమే. ఉప్పెన పోటు సమయానికే వచ్చిందా, ఆటు సమయానికా అన్నది కూడా తేడా తెస్తుంది. పటంలో కంటికి కనిపించేది గరాటు కాబట్టి నేరమంతా దాని మీదికి పోతుంది.

గ్రామఫోన్ కొమ్ము కూడా ఈ కుటుంబంలోదే, కాకపోతే తిరగేసి. సూది దగ్గర కదిలే చిన్న పొర ఒక్కటే గదిలోని గాలిని సరిగా కదిలించలేదు. కొమ్ము ఆ కదలికను కొద్దికొద్దిగా పెద్ద వైశాల్యానికి అందిస్తుంది. కొత్తగా శక్తిని కలపదు, వృథాగా పోయేదాన్ని గదిలోకి చేరుస్తుంది.

## సుడి గరాటు: నీరు తనకు తానే చెక్కుకున్న ఆకారం

తొట్టి అడుగున బిరడా తీస్తే నీరు గరాటులా సుడి తిరుగుతుంది. అక్కడ శంకువు గోడ లేదు. మరి ఆ ఆకారం ఎక్కణ్నుంచి వచ్చింది?

తిరిగే నీరు కేంద్రానికి దగ్గరయ్యేకొద్దీ వేగం పెరుగుతుంది. దూరం సగమైతే వేగం రెట్టింపు. రంధ్రానికి 20 సెంటీమీటర్ల దూరంలో నీరు సెకనుకు 1 సెంటీమీటరు చొప్పున తిరుగుతోందనుకుందాం. అది కంటికి ఆనదు, ఒక చుట్టుకు రెండు నిమిషాలకు పైగా పడుతుంది. ఒక సెంటీమీటరు దూరంలో అదే నీరు సెకనుకు 20 సెంటీమీటర్ల వేగంతో, సెకనులో మూడో వంతులోపే ఒక చుట్టు తిరుగుతుంది. వేగం పెరిగినచోట నీటిమట్టం దిగుతుంది. లెక్క వేస్తే ఒక సెంటీమీటరు దగ్గర దిగేది 2 మిల్లీమీటర్లే. అర సెంటీమీటరు దగ్గర 8 మిల్లీమీటర్లు. పావు సెంటీమీటరు దగ్గర 3 సెంటీమీటర్ల పైచిలుకు. దూరంగా దాదాపు చదును, మధ్యలో నిట్టనిలువు గుంట. ఆ అంకెలను కాగితం మీద చుక్కలు పెట్టి కలిపితే వచ్చేది గరాటే. కేంద్రంలో జిగట గుణం వల్ల ఈ లెక్క ఆగిపోతుంది, లేకపోతే గుంటకు అంతం ఉండదు.

సుడి ఉత్తరార్ధగోళంలో ఒకవైపు, దక్షిణార్ధగోళంలో ఇంకోవైపు తిరుగుతుందన్న మాట పాఠాల్లోనూ వీడియోల్లోనూ ఎడతెగకుండా వినిపిస్తుంది. ఇందులో నిజం ఎంత? భూమి రోజుకు ఒక్క చుట్టు తిరుగుతుంది. తొట్టి నింపినప్పుడు మిగిలిపోయిన కదలిక నిమిషాల్లో ఒక చుట్టు. వందల రెట్లు బలమైన ఆ కదలిక ముందు భూమి ప్రభావం ఆనదు. సుడి ఎటు తిరగాలో నీళ్లు ఎటునుంచి పోశారన్నదే తేలుస్తుంది. అయితే పూర్తిగా అబద్ధం కూడా కాదు. అమెరికాలో ఆషర్ షపిరో 1962లో ఆరడుగుల వెడల్పు తొట్టిలో నీరు పోసి, 24 గంటలు కదలకుండా ఉంచి, నెమ్మదిగా వదిలాడు. సుడి అపసవ్యంగా తిరిగింది. 1965లో సిడ్నీలో అలాగే చేస్తే సవ్యంగా తిరిగింది. అంత జాగ్రత్త పడితే తప్ప బయటపడని ప్రభావం అన్నమాట. పర్యాటకుల ముందు బకెట్‌తో చేసి చూపించేది గారడీ.

టోర్నడో గరాటును ఇదే చూపుతో చూడాలి. అది తిరిగే గాలి గుంజ కాదు, ఆ గాలిలో తేమ నీటి తుంపరలుగా మారిన మేర. మధ్యలో పీడనం పడిపోతుంది, అక్కడికి చేరిన గాలి వ్యాకోచించి చల్లబడుతుంది, తేమ మేఘమవుతుంది. మన కంటికి తెల్లగా, బూడిదరంగులో కనిపించేది ఆ మేఘం అంచు. కింద గాలి పొడిగా ఉంటే గరాటు సగంలోనే ఆగిపోయినట్టు కనిపిస్తుంది, కానీ గాలి సుడి నేల దాకా ఉండొచ్చు. గరాటు మేఘానికీ టోర్నడోకూ తేడా ఇదే: సుడి నేలను తాకితే టోర్నడో, తాకకపోతే గరాటు మేఘం. తాకిందా లేదా అన్నది మేఘం కొన చూసి చెప్పలేం, నేల మీద లేచే దుమ్ము, శిథిలాలు చూసి చెప్పాలి. ‘ఇంకా కిందికి దిగలేదు’ అని వీడియో తీస్తూ నిలబడటం అందుకే ప్రమాదం.

రెండో చివర చూస్తే, 2013 మే 31న అమెరికాలోని ఎల్ రీనో దగ్గర వచ్చిన టోర్నడో 4.2 కిలోమీటర్ల వెడల్పుకు చేరింది. అంత వెడల్పులో, వాన తెర వెనక, గరాటు ఆకారమే కళ్లకు దొరకదు. టోర్నడోలనే అధ్యయనం చేసే ముగ్గురు పరిశోధకులు ఆ రోజు ప్రాణాలు కోల్పోయారు.

గరాటు పైనుంచి దిగుతుందా అన్నదాని మీదా శాస్త్రవేత్తల్లో చర్చ ఉంది. మేఘంలో పుట్టిన సుడి క్రమంగా కిందికి పాకుతుందన్నది పాత అభిప్రాయం, చూడ్డానికి కూడా అలాగే ఉంటుంది. వేగంగా స్కాన్ చేసే రాడార్లు వచ్చాక పరిశీలించిన కొన్ని టోర్నడోల్లో బలమైన సుడి నేల దగ్గరే ముందుగా, లేదా పైనా కిందా ఒకేసారి కనిపించింది. ఇది రుజువైతే పైభాగాన్ని మాత్రమే చూసే రాడార్ హెచ్చరికలకు ఇబ్బందే.

## ఫలితమే పనిముట్టయితే

కారణం, ఫలితం అన్న గీత ప్రకృతిలో ప్రతిచోటా శుభ్రంగా ఉండదు. యాంట్‌లయన్ అనే పురుగు పిల్లదశలో ఉన్నప్పుడు పొడి ఇసుకలో వెనక్కి నడుస్తూ, చుట్లు చుట్లుగా లోపలికి తవ్వుకుంటూ పోతుంది. గుంట ఆకారాన్ని పురుగు కొలిచి కట్టదు. పొడి ఇసుక సుమారు 30 నుంచి 35 డిగ్రీల వాలు దాటితే నిలవదు, జారిపోతుంది. పురుగు అడుగున ఇసుక విసిరేస్తూ ఉంటే పక్కలు ఆ వాలుకు వాటంతటవే సర్దుకుంటాయి. అంతవరకూ గరాటు ఫలితమే. కానీ జారడానికి సరిగ్గా అంచున ఉన్న ఆ వాలు మీద చీమ కాలు పెట్టగానే ఇసుక కదులుతుంది. ఎక్కబోతే పురుగు కింది నుంచి ఇసుక చిమ్ముతుంది, వాలు మళ్లీ కూలుతుంది. ఇప్పుడది పనిముట్టు.

కుండీ ఆకారపు ఆకులతో పురుగులను పట్టే నెపెంథిస్ మొక్కల్లో వాలు కన్నా అంచుదే ముఖ్యపాత్ర: తడిసినప్పుడు అక్కడ నీటి పొర ఏర్పడి పురుగు కాలు పట్టు తప్పుతుంది. స్క్విడ్ శరీరం కింద ఉండే గరాటు అసలైన పనిముట్టు, దాంట్లోంచి నీటిని చిమ్మి వెనక్కి దూసుకుపోతుంది.

సాలీళ్ల విషయంలో మాత్రం పేరుతోనే పేచీ. గడ్డి మీద పరుపులా వల అల్లి, ఒక మూల గొట్టంలాంటి గూడులో దాక్కునే సాలీళ్లు ప్రపంచమంతటా ఉన్నాయి, మనిషికి దాదాపుగా ప్రమాదం లేనివి. ఆస్ట్రేలియాలోని సిడ్నీ ఫన్నెల్‌వెబ్ వేరే కుటుంబం. బొరియలో పట్టు పరిచి, బయటికి దారాలు వదిలి కూర్చుంటుంది. దాని విషం ప్రాణాంతకం కాగలదు. 1981లో విరుగుడు వచ్చాక దానివల్ల మరణం నమోదు కాలేదు. రెండింటి వలల్లోనూ గరాటు గుండా ఏదీ ప్రవహించదు, అది గుమ్మం మాత్రమే.

## మీటింగు గదిలో ఫన్నెల్

అమ్మకాల్లో కొనుగోలుదారుడు దశలు దాటుతాడన్న ఆలోచనను 1898లో అమెరికాకు చెందిన ఎలియాస్ సెయింట్ ఎల్మో లూయిస్‌కు ఆపాదిస్తారు. దృష్టి పడటం, ఆసక్తి, కోరిక, కొనడం. ప్రతి దశలో కొందరు జారిపోతారు కాబట్టి బొమ్మ గీస్తే పైన వెడల్పు, కింద సన్నం. అలా గరాటు పేరు స్థిరపడింది.

కానీ నిజమైన గరాటులో లీటరు పోస్తే లీటరూ కిందికి చేరుతుంది. అమ్మకాల ఫన్నెల్‌లో నూటికి తొంభై తొమ్మిది మంది మధ్యలోనే పోతారు. చేసే పనిని బట్టి అది జల్లెడల వరుస. పేరు ఏదైతేనేం అనొచ్చు. లెక్క దగ్గర తేడా వస్తుంది.

ఒక వెబ్‌సైటుకు 10,000 మంది వచ్చారు. 10 శాతం, అంటే 1,000 మంది వస్తువు వివరాలు చూశారు. వాళ్లలో 20 శాతం, 200 మంది, కొనడానికి పక్కన పెట్టుకున్నారు. అందులో 20 శాతం, 40 మంది, డబ్బు కట్టారు. ఇప్పుడు ‘ఇరుకు ఎక్కడుందో అక్కడే వెడల్పు చేద్దాం’ అని ఎవరో ఒకరు అంటారు. నీటి గరాటులో అది సరైన మాట. సన్నటి గొట్టాన్ని వదిలేసి మూతిని పెద్దది చేస్తే ఏమీ మారదని ముందే చూశాం. ఇక్కడ ఫలితం గుణకారం: 10,000 × 0.10 × 0.20 × 0.20. ఏ అంకెను రెట్టింపు చేసినా జవాబు 80. పైన వచ్చేవాళ్లను 20,000 చేసినా 80, చివరి 20 శాతాన్ని 40 చేసినా 80. కాబట్టి అడగాల్సింది ఏ దశ అన్నిటికన్నా ఇరుకు అని కాదు, ఏ దశను మార్చడం చవక అని.

ఈ గుణకారానికీ ఒక షరతుంది: ఒక అంకె మారితే మిగతావి మారకూడదు. ఆసక్తి లేనివాళ్లను కూడా లాక్కొచ్చి 20,000 చేస్తే తర్వాతి శాతాలు పడిపోతాయి. అప్పుడు 40 మంది 45 మందే కావచ్చు. మెట్లన్నీ ఒకదానికొకటి కట్టేసి ఉంటాయి, బొమ్మలో ఆ తాడు కనిపించదు.

ఫన్నెల్‌ను తప్పుబట్టేవాళ్ల వాదన ఇంకోటి ఉంది. కొనేవాళ్లు వరుసగా దిగరు, వెనక్కి వెళ్తారు, నెలల తర్వాత తిరిగొస్తారు, కొన్నాక ఇంకొకరికి చెబుతారు. 2009లో మెకిన్సీ సంస్థ ఇందుకే చక్రంలాంటి నమూనాను ప్రతిపాదించింది. సమర్థించేవాళ్లు దీన్ని కాదనరు. ఫన్నెల్ మనిషి ప్రయాణాన్ని చెప్పదు, ఏ దశలో ఎంతమంది ఉన్నారో చెబుతుంది, ఆ లెక్క లేకుండా పని నడవదు అంటారు. నాకు ఇద్దరి మాటా సబబుగానే తోస్తుంది. తలకాయలు లెక్కపెట్టడానికి పనికొచ్చే బొమ్మను తలలో ఏముందో చెప్పడానికి వాడితేనే చిక్కు.

## గీసిన గరాటు నిజం చెప్పినప్పుడు

బొమ్మ కాబట్టి వట్టిదే అనుకోనక్కర్లేదు. ప్రోటీన్ అణువు పొడవాటి గొలుసు, అది ఒక నిర్దిష్ట రూపంలోకి ముడుచుకుంటేనే పనికొస్తుంది. వంద లంకెలున్న గొలుసులో ఒక్కో లంకెకు మూడే భంగిమలనుకున్నా, మొత్తం రూపాలు 5 పక్కన 47 సున్నాలు. ఒక్కొక్కటీ వెతుక్కుంటూ పోతే విశ్వం వయసు చాలదని సైరస్ లెవింతాల్ 1969 ప్రాంతంలో ఎత్తిచూపాడు. నిజంలో చాలా ప్రోటీన్లు సెకనులోపే ముడుచుకుంటాయి. 1980ల చివర, 1990ల్లో వచ్చిన వివరణలో శక్తిని ఎత్తుగా గీస్తే ఆ రూపాలన్నీ ఒక ఎగుడుదిగుడు గరాటులా ఉంటాయి. ఎక్కడ మొదలైనా దాదాపు ప్రతి అడుగూ కిందికే, అందుకే అన్నీ వెతకనక్కర్లేదు. ఆ గరాటు అణువులో ఎక్కడా లేదు. ఉన్నది వందల కొలతల లెక్కలో, కాగితం మీదికి దించింది రెండు మూడు కొలతలే.

ఫన్నెల్ ప్లాట్ ఇంకాస్త నేలబారు వ్యవహారం. నాణేన్ని 10 సార్లు ఎగరేస్తే బొమ్మ పడే శాతం 18 నుంచి 82 దాకా ఎక్కడైనా ఉండటం మామూలే. 100 సార్లు అయితే 40 నుంచి 60. వెయ్యి సార్లు అయితే 47 నుంచి 53. ప్రయత్నాలు వంద రెట్లు పెంచితే చెల్లాచెదురు పదో వంతుకు తగ్గుతుంది. అధ్యయనాలకూ ఇదే వర్తిస్తుంది. ఒకే మందు మీద జరిగిన అధ్యయనాల ఫలితాలను అడ్డంగా, వాటి సైజును నిలువుగా గుర్తిస్తే, చిన్నవి కింద వెడల్పుగా చెదిరి, పెద్దవి పైన ఒకచోట గుమిగూడతాయి. బోర్లించిన గరాటు వస్తుంది. ఆసుపత్రుల, స్కూళ్ల ర్యాంకుల్లో మొదటి స్థానాల్లోనూ చివరి స్థానాల్లోనూ చిన్న సంస్థలే ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం: తక్కువమంది ఉన్నచోట శాతాలు ఎటైనా ఊగుతాయి.

లైట్, పిలెమర్ అనే పరిశోధకులు 1984లో దీన్ని సూచించింది దాపరికం పట్టుకోవడానికి. మందు పనిచెయ్యలేదన్న చిన్న అధ్యయనాలు అచ్చు కాకుండా సొరుగులో ఉండిపోతే, గరాటు అడుగున ఒక పక్క ఖాళీ కనిపిస్తుంది. ఆ ఒరుగును కొలిచే పరీక్షను ఎగర్, సహచరులు 1997లో ఇచ్చారు. అయితే ఖాళీ కనిపించగానే దాచేశారనలేం. చిన్న అధ్యయనాల్లో జబ్బు ముదిరిన రోగులను ఎంచుకుని ఉండొచ్చు, అక్కడ మందు నిజంగానే ఎక్కువ పనిచేసి ఉండొచ్చు. లేదా అది వట్టి యాదృచ్ఛికం కావచ్చు. అందుకే వైద్య సమీక్షలు చేసే కాక్రేన్ సంస్థ మార్గదర్శకం ప్రకారం కనీసం 10 అధ్యయనాలైనా లేకపోతే ఈ ఒరుగు పరీక్ష మామూలుగా చెయ్యకూడదు.